కాయ నడుముకు తాడు

తెల్లవారేసరికి పిందె మీది నూగు మంచుకు తడిసి ఉంటుంది.

వేలెడు పిందె. పసిబిడ్డ చెంప మీద ఉండేలాంటి నూగు. దాని మీద పలచగా బొగ్గు దుమ్ము. బెల్లంపల్లిలో ఏది పుట్టినా ముందు వచ్చి పలకరించేది ఆ దుమ్మే.

సక్కుబాయి దాన్ని తుడవదు. ముట్టుకుంటే నూగు రాలుతుంది, నూగు రాలితే పిందె కుళ్లుతుంది. వంగి, నోటితో మెల్లగా ఊదుతుంది. దుమ్ము లేచిపోతుంది... పిందె మిగులుతుంది.

సొరకాయ అని పుస్తకాల్లో ఉంటుందేమో. ఇక్కడ ఆనిగెపుకాయ. కూరకు కోస్తే కాయ. పాదు మీదే ముదరనిచ్చి, ఎండబెట్టి, లోపలి గుజ్జు తీసేస్తే — బుర్ర. బుర్రలో నీళ్లు మండుటెండలో కూడా చల్లగా ఉంటాయి. బొగ్గు బాయిలో, అంత లోతున, ఇంకా తియ్యగా ఉంటాయని ఆమె మొగుడు బుచ్చిరాములు చెప్పేవాడు.

చెప్పేవాడు. ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు.

బుర్రకు నడుము కావాలి. చెయ్యి జారకుండా పట్టు దొరికే చోటు. అది కోస్తే వచ్చేది కాదు, చెక్కితే వచ్చేది కాదు. కాయ పాదు మీద పెరుగుతున్నప్పుడే తేవాలి. నూగు పోయి తోలు కాస్త గట్టిపడగానే, పాత చీర అంచుతో పేనిన మెత్తని తాడు నడుముకు కట్టాలి. కాయ పైన ఉబ్బుతుంది, కింద ఉబ్బుతుంది, తాడు దగ్గర ఆగుతుంది. మరీ బిగిస్తే కాయ తెగుతుంది. మరీ వదిలేస్తే తన దారిన తాను పెరుగుతుంది. అందుకే రోజూ పొద్దున్నే చూడాలి... కాస్త వదలాలి, కాస్త బిగించాలి. బిడ్డకు మొలతాడు కట్టిన తల్లికి ఈ పని ఒకరు నేర్పనక్కర్లేదు.

ఏటా వానాకాలం సక్కుబాయి మొగుడి చేతికి సరిపడా ఒక బుర్రను పెంచుతుంది. కొలత ఆ తాడుకే ఉంది. పెళ్లయిన కొత్తలో అతని పిడికిలి గుండ్రంగా పట్టించి, ఆ గుండ్రంలో తాడు తిప్పి గుర్తుగా వేసుకున్న ముడి. నిజాం రాజ్యం పోయింది, కొత్త రాష్ట్రం వచ్చింది. ఆ ముడి మాత్రం మారలేదు.

ఈ ఏడు మిరుగు కార్తె పోయిన కొన్నాళ్లకు, బాయిలో, పట్టాల మీద నడిచే రెండు బొగ్గు టబ్బుల నడుమ అతని కుడి చెయ్యి పడింది. చూపుడు వేలు పోయింది. దాని పక్క వేలు పోయింది. బుర్ర కూడా అక్కడే పగిలింది.

గాయం మానింది. చేతికి చుట్టిన తువ్వాలు మాత్రం ఊడలేదు. ఎడమ చేత్తో, గోడ వైపు తిరిగి తింటాడు. బాయి పైన దీపాలిచ్చే గదిలో పని చూపిస్తామని కబురొచ్చింది. వెళ్లలేదు. బాయి కూత వినగానే లేస్తాడు, గడప దాకా వస్తాడు, అక్కడే కూర్చుంటాడు. ఎందుకు పోవని ఆమె ఒక్కసారే అడిగింది.

"నీళ్లు తాగాలన్నా ఒకడు పట్టియ్యాలె. గట్ల నేను పోను."

అంతే. ఆమె మళ్లీ అడగలేదు. ఒక్క బుర్ర... అతని చేతిలో నిలిచే ఒక్క బుర్ర వస్తే చాలనుకుంది. వస్తే, గడప దాటుతాడు.

పాదుకు మంచి కాయ పట్టింది. తాడు కట్టింది. పొద్దున పొద్దున వదిలింది, బిగించింది, మురిసింది.

బతుకమ్మ పూలు ఏరే రోజుల్లో పక్కింటి ముంతాజ్ పందిరి కిందికి వచ్చింది. వేలు మడిచి, కణుపుతో కాయను చూపించింది. పాదు మీది కాయను, పిందెను చూపుడు వేలు చాపి చూపిస్తే రాలిపోతుంది. ఈ భయానికి హిందువులని లేదు, ముసల్మానులని లేదు.

"సక్కుబాయి, జర సూడు. గీ కొలత ఏ చేతిది?"

సక్కుబాయి చూసింది.

పాత ముడి. అయిదు వేళ్ల ముడి.

కట్టేటప్పుడు తన చెయ్యి అలవాటుగా దాని దగ్గరికే పోయింది. పోయిన వేళ్లను తాను కూడా ఇంకా పోనివ్వలేదు. గోరు గుచ్చి చూసింది, దిగలేదు. కాయ ముదిరింది. పెరిగిన నడుము ఇక తగ్గదు. సక్కుబాయి పందిరి గుంజ పట్టుకుని ఏడ్చింది. ముంతాజ్ ఆమె వీపు నిమిరి వెళ్లింది.

గడప మీద అతను చూస్తూనే ఉన్నాడు.

"కొలత తప్పింది," అంది ఆమె. "పాత ముడే ఏసిన. నీ చెయ్యి సూడలే."

అతను తువ్వాలు కొస సర్దుకున్నాడు.

దసరా దాటింది. ఆకులు అంచుల్లో పండుబారాయి. పూత తగ్గింది. ఆమె పాదు కిందికి పోవడం తగ్గించింది. పొద్దున్నే పందిరి దగ్గర మసలే అలికిడి మాత్రం తగ్గలేదు... అది ఎవరిదో ఆమె లేచి చూడలేదు.

ఒక ఉదయం అటునుంచే పిలుపు.

"సక్కూ, గిటు రా."

చూరు పక్కన, పెద్ద ఆకు చాటున, ఒక పిందె. అతను చెయ్యెత్తి చూపిస్తున్నాడు.

"వేలు పెట్టి సూపకు—" అని ఆగిపోయింది.

తువ్వాలు భుజం మీద ఉంది. చెయ్యి ఎదురుగా ఉంది. చూపుడు వేలు లేదు.

"నా చెయ్యి సూపెడితే రాలది తియ్యి," అన్నాడు. అంటూ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే తడిసింది.

ఆమె ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. మచ్చ మీద కొత్త తోలు, లేతగా, గులాబీ రంగులో. ఇన్నాళ్లకు చూసింది. చూసి, దాని మీద మెల్లగా ఊదింది. తరువాత తాడు తెచ్చింది. బొటనవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు... గుండ్రంగా పట్టించి, తాడు తిప్పి, కొత్త ముడి వేసింది. పాతది విప్పలేదు. రెండూ ఒకే తాడు మీద ఉన్నాయి.

చలి వస్తోంది. చలికి పాదు ఎండిపోతుంది. ఈలోగా పిందె కాయ అవుతుందా, కాయ ముదురుతుందా — ఇద్దరికీ తెలియదు.

తెల్లవారింది. బాయి కూత వేసింది. అతను గడప మీద కూర్చోలేదు.

పిందె మీది నూగు మంచుకు తడిసి ఉంది. దాని మీద పలచగా బొగ్గు దుమ్ము.

ఈసారి వంగి ఊదింది అతను...