సీటు కింది చిన్న ట్యాంకు

మేస్త్రి నోరు ఊరుకునే రకం కాదు. హోటళ్లలో వాడి పారబోసే నూనె తెచ్చి, కాచి, వడగట్టి తన వ్యానులో పోయడం మొదలుపెట్టిన నాటినుంచీ ఎవరు కనిపించినా ఒకటే పాట. "చుక్క డీజిలు లేదండీ నా బండిలో! ఎవడి దయా అక్కర్లేదు." వీధంతా అతన్ని నూనె మేస్త్రి అంటే అదో బిరుదులా మురిసిపోయేవాడు.

నిజం మాత్రం సీటు కింద దాక్కుంది. పొద్దున్నే చల్లటి ఇంజనులో చిక్కటి నూనె మండి చావదు. అందుకని అక్కడో చిన్న డీజిలు ట్యాంకు పెట్టాడు. దాంతో స్టార్ట్ చేసి, వేడెక్కాక స్విచ్ నొక్కి నూనెకు మార్చాలి. ఆపేముందు మళ్లీ డీజిలుకు మార్చకపోతే గొట్టాల్లో నూనె గడ్డకడుతుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకైనా చెప్పలేదు. గొప్పలకు పోయి అన్న మాట వెనక్కి తీసుకోవడం అంత తేలికా మరి!

అంతలో కూతురి బడిలో చర్చా పోటీ వచ్చింది. ప్రత్యామ్నాయ ఇంధనాలతో దేశం తన కాళ్లమీద తాను నిలబడగలదా అన్నది అంశం. నిలబడగలదని వాదించడానికి పిల్ల పేరిచ్చింది. దాని ధీమా అంతా నాన్న బండే. చెప్పేద్దామని మేస్త్రి రెండుసార్లు నోరు తెరిచాడు, పిల్ల మొహం చూసి మూసుకున్నాడు.

"మా నాన్న చేసి చూపించాడు. చుక్క డీజిలు లేదు!" అంది పిల్ల వేదిక మీద. చప్పట్లు మోగాయి.

అవతలి జట్టు పిల్ల లేచింది. "అన్ని బండ్లకూ సరిపడా నూనె రావాలంటే దేశమంతా పొద్దస్తమానం వేపుళ్లే తినాలి" అంది. హాలంతా నవ్వింది. "సరే, చలికి నూనె గడ్డకడితే మీ బండి ఎలా స్టార్టవుతుంది?"

"మా నాన్ననే అడగండి!" అంటూ కూతురు మూడో వరుసలో కూర్చున్న తండ్రికేసి చూపించింది.

మేస్త్రి లేచాడు. ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ అంత నమ్మకంగా చూస్తున్న కళ్లముందు నాలుక తిరగలేదు.

"డీజిలుతోనే స్టార్ట్ చేస్తానమ్మా. ఆపేటప్పుడూ కాస్త పడుతుంది."

కూతురి మొహం పాలిపోయింది. కప్పు అవతలి జట్టుకు పోయింది.

ఇద్దరూ వ్యానులో ఇంటికి బయల్దేరారు. ఇంటిముందు ఆగాక స్విచ్ దగ్గర మేస్త్రి చెయ్యి తటపటాయించింది.

"నొక్కు నాన్నా. ఇంకా ఎందుకు దాపరికం?"

నొక్కాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"రోజుకి ఎంత డీజిలు పడుతుంది?"

"లీటరు."

"నూనె పోయకముందు?"

"పది పైనే."

పిల్ల గిర్రున తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"పది లీటర్ల దగ్గర ఒక్క లీటరా! అది చాలదా నాన్నా గొప్ప చెప్పుకోడానికి? ముందే చెప్పుంటే అదే చెప్పేదాన్ని కదా. గెలిచేదాన్ని కదా!"

వ్యాను తలుపు దబ్బున వేసి ఇంట్లోకి పోయింది. ఇంజను ఊరికే డీజిలు తాగుతూ ఉంది. ఆపాలన్న ధ్యాస మేస్త్రికి లేదు.