వగరు నీళ్లు

బందరులో ముసురు పట్టి నాలుగు రోజులైంది. సుభాషిణికి నెత్తురు విరేచనాలు పట్టుకుని కూడా నాలుగు రోజులే. ఐదేళ్ల కిందట ఇదే శ్రావణంలో, ఇదే ఇంట్లో, ఇదే పేగుపూతతో దాని అన్న సుబ్బు పోయాడు. అప్పుడు వాడికి ఆరేళ్లు. ఇప్పుడు దీనికీ ఆరేళ్లే. తల్లి సత్యవతమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

వైద్యులుగారు మాత్రలిచ్చి, పలచటి గంజి తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నారు. ఆ మాత్ర కడుపులో నిలిస్తేగా! భర్త పురుషోత్తం జిల్లా కోర్టులో దొరగారి దగ్గర గుమాస్తా. పూటపూటకీ వచ్చి పిల్ల నుదురు తాకి చూసి వెళ్తున్నాడు.

సత్యవతమ్మను జబ్బుకంటే ఎక్కువగా పెరట్లో తూము దగ్గరి రాయి భయపెడుతోంది. దానిమీద పసుపు మరక. ఇంకెవరికీ కనబడదు. ఇటుకపొడి వేసి తోమింది, చింతపండు వేసి తోమింది. "ఏముందే అక్కడ? రాయి అరిగిపోతోంది" అని పురుషోత్తం విసుక్కున్నాడు కూడా. వానకు తడిస్తే చాలు, ఆమె కళ్లకు మాత్రం మళ్లీ తేలుతుంది. ఆ వెంటనే చెవిలో సుబ్బు గొంతు, నీరసంగా, ఆశగా.

"అది నాకేనా అమ్మా?"

వాడు అడిగింది జమీలా ఇచ్చిన గ్లాసు గురించి. పక్కింటి పీర్ సాహెబ్ బట్టలమీద అద్దకం పని చేస్తాడు. పసుపు రంగు కోసం దానిమ్మ తొక్కలు బుట్టలకొద్దీ ఎండబెడతాడు. ఆ తొక్కలనే కాచి వడగట్టి, అతని భార్య జమీలా గోడమీదుగా అందించింది.

"వగరుగా ఉంటుంది అమ్మగారూ. పేగులో మంటని ఆ వగరే చల్లారుస్తుందని మా అమ్మ చెప్పేది. మా ఇంట్లో అందరికీ ఇదే మందు."

సత్యవతమ్మ నవ్వుతూనే పుచ్చుకుంది, మడిచీర తగలకుండా. ఆ ఇంటి నీళ్లా! అందులోనూ గుడ్డలకు పూసే రంగా, నా బిడ్డ నోట్లోకి! మంచంమీంచి వాడు అడుగుతున్నా వినిపించుకోకుండా తీసుకెళ్లి తూము దగ్గర ఒంపేసింది. సాయంత్రం జమీలా అడిగితే మొహమాటపడి, "తాగాడమ్మా" అంది. తెల్లవారేసరికి వాడు లేడు.

ఇప్పుడు సుభాషిణి కళ్లు లోతుకు పోయాయి. పెదవులు ఎండిపోయాయి. మంచం పక్కన కూర్చున్న సత్యవతమ్మకు ఈసారి గొంతు పెరట్లోంచి కాదు, భుజం వెనకనుంచే వినిపించింది. "చెల్లాయికి కూడా పారబోస్తావా అమ్మా?"

ఇక కూర్చోలేకపోయింది. వానలో తడుస్తూనే వెళ్లి జమీలా గుమ్మంలో నిలబడింది.

"జమీలా, ఆ తొక్కల నీళ్లు కాచి ఇయ్యమ్మా. నా కూతురు దక్కేలా లేదు."

జమీలా వెనక్కి తగ్గింది. "నేనివ్వను అమ్మగారూ. మీ కాళ్లు పట్టుకుంటాను, నన్నడక్కండి."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటారేంటండీ! ఒకసారి ఇచ్చింది చాలదా? బంగారంలాంటి పిల్లాడు. నా మందు తాగాడు, తెల్లారేసరికి పోయాడు. ఆ రోజునుంచీ ఎవరికీ ఇవ్వలేదు. ఈ చేతుల్తో ఇంకో బిడ్డని కూడా చంపమంటారా?"

వాడి ఆయుష్షంతే, నీ తప్పేముంది అనేసి ఊరుకోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అలాంటి మాటకు జమీలా కదలదని ఆమెకు తెలిసిపోయింది.

"వాడు తాగలేదు జమీలా. నేనే తూములో పారబోశాను. నీతో అబద్ధమాడాను."

జమీలా తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. జమీలా మూలనున్న తొక్కల బుట్టవైపు చూస్తూ అంది:

"నిరుడు నాగాయలంకలో మా అమ్మాయి షంషాద్ కొడుక్కి ఇదే జబ్బు చేసింది. తొక్కలు మూట కట్టుకునే వెళ్లాను. మూట విప్పలేదు అమ్మగారూ. భయపడ్డాను. వాడు దక్కలేదు."

సత్యవతమ్మ గుమ్మంలోనే కూలబడింది. జమీలా ఆమెను లేపలేదు. లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది. కషాయం గ్లాసులో పోసుకుని బయటికొచ్చి, "ఈసారి మీ చేతికివ్వను. నేనే తాగిస్తాను" అంది.

గోడమీదుగా కాదు, వీధి గుమ్మంలోంచే నడిచి మంచందాకా వచ్చింది జమీలా. పురుషోత్తం పక్కకు తప్పుకున్నాడు. మూడు రోజులు, రోజుకు మూడుసార్లు, పిల్ల తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో పట్టింది. మూడో రోజు నెత్తురు ఆగింది. తొక్కలే పనిచేశాయో, పిల్లకు ఆయుర్దాయమే ఉందో వైద్యులుగారు కూడా చెప్పలేకపోయారు.

నాలుగో రోజు గ్లాసు తీసుకుని వెళ్తున్న జమీలాను సత్యవతమ్మ గుమ్మం దగ్గర ఆపింది.

"మీ మనవడి పేరేమిటి జమీలా? నేనెప్పుడూ అడగనేలేదు."

"జిలానీ. నాలుగేళ్లు కూడా నిండలేదు."

లోపల సుభాషిణి మంచంమీంచి అన్నం కావాలని పిలుస్తోంది. ఇద్దరిలో ఎవరూ వెంటనే కదల్లేదు.