గడి ముందు మంచం

పంచాయతీ ఆఫీసులో, యాకమ్మ కళ్ళెదుటే రాజమల్లును కొట్టారు. కొట్టింది ఊరి సర్పంచైన దొరకు మేనల్లుడు. కూలివాడ నుంచి మొదటిసారి వార్డు మెంబరుగా గెలిచిన రాజమల్లు, మిగతా మెంబర్లలాగే కుర్చీలో కూర్చున్నాడు. "వెట్టి రద్దని చట్టమొచ్చి రెండేండ్లాయె. దొర కాడ వెట్టి చేసే ఇరవై రెండుమంది జీతగాళ్ళను ఇడిచిపెట్టాలెనని తీర్మానం రాయుండ్రి" అన్నాడు. అంతే, వెనక నుంచి కర్ర నెత్తిన పడింది.

యాకమ్మ ఏడవలేదు. వరంగల్ దవాఖానలో రెండు నెలలు మొగుడి పక్కన కూర్చుంది. పెట్టింది తిన్నది, చెప్పింది చేసింది. అతనికి ప్రాణం దక్కింది గాని మాట పోయింది, కాళ్ళూ పడిపోయాయి. ఆమె మనసు మొద్దుబారింది. కోపం కూడా రావడం లేదు.

ఊరికి తెచ్చాక కూలీల సంఘం మొగిలయ్య వచ్చాడు. అతనూ దొర జీతగాడే.

"వదినా, అన్న రెండు మీటింగులు పోలే. రేపటిది తప్పితే మెంబరుగిరి పోతదట. దొర గదే చూస్తాండు. మల్ల ఆ తీర్మానం అడిగెటోడు లేడు."

"మాట రానోడు ఏమడుగుతడు?"

"అన్న కూసుంటె సాలు. మేం అడుగుతం."

"తీస్కపోండ్రి" అంది. వద్దనాల్సి వచ్చినా అదే గొంతుతో అనేది.

మర్నాడు రాజమల్లును పడుకోబెట్టిన మంచం ఎత్తేముందు అతని చెప్పులు కూడా కాళ్ళ దగ్గర పెట్టింది. నడవని మనిషికి ఎందుకని ఎవరూ అడగలేదు. వాడంతా నినాదాలతో కదిలింది. జీతగాళ్ళు పశువులను కొట్టంలోనే వదిలి వచ్చారు.

దారిలో దొర ఉండే కోటలాంటి గడి ముందుకు రాగానే గొంతులు ఆగిపోయాయి. ఎవరూ చెప్పలేదు. తాతల నాటి అలవాటు, అందరూ వంగి చెప్పులు విడిచి చేతబట్టారు. మంచం మోసే నలుగురూ అంతే. ఒంటిచేతి పట్టులో మంచం ఒరిగి రాజమల్లు జారబోయాడు. యాకమ్మ అడ్డంపడి ఆపింది. చూసుకుంటే తన చేతిలోనూ చెప్పులున్నాయి.

"మంచం దించుండ్రి" అంది. అరవలేదు. "చెప్పులు తొడుక్కోండ్రి. అటెంక ఎత్తుండ్రి."

ఎవరూ కదలలేదు. యాకమ్మ తన చెప్పులు నేలమీద వేసి తొడుక్కుంది.

"ఏమే యాకీ, కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాడు దొర అరుగు మీద నుంచి.

ఆమెకు భయం వేయలేదు. ధైర్యమూ అనిపించలేదు. వంగి, మొగుడి కాళ్ళకు చెప్పులు తొడిగింది. అది చూసి మొగిలయ్య తొడుక్కున్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు వాడంతా తొడుక్కున్నారు. మంచం లేచింది.

ఆఫీసులో రాజమల్లును కుర్చీలో కూర్చోబెట్టి హాజరు పుస్తకంలో వేలిముద్ర వేయించారు. సిరా తడి ఆరకముందే దొర పిలిపించిన పోలీసు జీపు వచ్చింది. జీతగాళ్ళను రెచ్చగొట్టాడని మొగిలయ్యకు బేడీలు వేశారు.

"చెప్పులు ఇడువురా" అన్నాడు జమేదారు.

మొగిలయ్య విడవలేదు. వాకిట్లోని మిగతా ఇరవై ఒక్కమంది జీతగాళ్ళూ విడవలేదు. ఆ పొద్దు ఒక్కరూ గడి పనికి పోలేదు.

జీపు కదిలాక యాకమ్మకు ఏడుపు వచ్చింది. రెండు నెలల ఏడుపు. తుడుచుకోకుండానే పంచాయతీ సెక్రటరీ ముందు నిలబడింది.

"తీర్మానం రాయి. ఇడిచిపెట్టే జీతగాళ్ళల్ల మొగిలయ్య పేరు ముందు రాయి."