కేరేజీకి కట్టిన తువ్వాలు

నేను ఒక గళ్ల తువ్వాలును. పుట్టింది మగ్గం మీద, పెరిగింది పైడిరాజు నెత్తి మీద. అతను రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. బస్తాకీ బుర్రకీ మధ్య నేను చుట్టగా ఉండేదాన్ని, చుట్టరికమంటే మాదే. ఓసారి ఓట్ల కోసం వచ్చిన నాయకుడొకాయన నాతో చేతులు తుడుచుకుని, ఆనక ఊరినే దులిపేసుకున్నాడు. అంతవరకూ నా మీద మరకలే గాని కేసుల్లేవు.

మిల్లులో మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. సాయంత్రం పోలీసులొచ్చి పైడిరాజును జీపెక్కించారు. అప్పుడు నేను ఇంటి దండెం మీద ఆరుతున్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి బాబూ, చదువుకున్నవాళ్లెవరికీ గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే అతని భార్య సన్యాసమ్మ కేరేజీలో అన్నం, చేపల పులుసు సర్ది, నాతో మూటకట్టి స్టేషనుకు తీసుకెళ్లింది. గుమ్మంలోనే హెడ్డు కానిస్టేబులు గౌరునాయుడు అందుకున్నాడు.

“ఓపాలి సూడనియ్యండి బాబూ.”

“ఇప్పుడు కుదరదు. నువ్వెళ్లమ్మా, తింటాడులే.”

తినడానికి మనిషేడీ? రాత్రి దెబ్బలకే పోయాడు. ఎస్సై గారు “ఉరేసుకున్నాడని రాయండి” అన్నారు. అక్కడే చిక్కొచ్చింది. ఉరికి పనికొచ్చేదేదీ ఒంటిమీద ఉంచకూడదని లాకప్ నియమం. పైడిరాజు మొలతాడు కూడా తెంపించేశారు. ఆ స్టేషనులో పాటించిన నియమం అదొక్కటే, అదీ అడ్డమొచ్చింది. అందరూ నా వైపు చూశారు. మోయడం నాకు అలవాటే గాని, ఇంత నింద ఎప్పుడూ మోయలేదు.

సీసీ కెమెరాకు సరిగ్గా ఆ రాత్రే కళ్లకలకట. జవాబుదారీ అంటూ పెద్ద అధికారులు బయల్దేరారు. జవాబు దారిలోనే తప్పిపోయింది. ఊళ్లో మాత్రం ‘దొంగతనం చేసి ఉరేసుకున్నాడు’ అనే మాట దారి తప్పకుండా ఇంటింటికీ చేరింది. సన్యాసమ్మ అడిగేది ఒకటే: “నా మొగుడు ఉరేసుకోనేదని ఒక కాయితం రాసియ్యండి.”

విచారణలో మేజిస్ట్రేటు గారు నన్ను ఆమెకు చూపించారు. “రాత్రి మీ ఆయన ఉరేసుకున్న తువ్వాలు ఇదేనా?”

ఆమె నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇది నా పులుసు మరక బాబూ. పొద్దున్న కేరేజీకి కట్టి నానే తెచ్చినాను. రేత్రి సచ్చిపోయినోడికి నా పొద్దుటి గుడ్డ ఎవులిచ్చినారు?”

మేజిస్ట్రేటు గారు హెడ్డు వైపు తిరిగారు. “కేరేజీ తీసుకున్నారా?”

“తీసుకున్నానండి. రోజూ ఎవరిదో ఒకరిది తీసుకుంటామండి.”

“ఎప్పుడు?”

“పొద్దున్నండి,” అనేసి గౌరునాయుడు ఎస్సై గారి బూట్లకేసి చూశాడు.

ఇంకేం, తేలిపోయిందనుకున్నాను. గుడ్డను గదా, గుడ్డిగా నమ్మాను. నివేదిక పైకి వెళ్లింది. పైన ‘పరిశీలనలో’ ఉంది. ఎస్సై గారికి బదిలీ అయింది, ఇంటికి దగ్గరగా.

నన్ను సంచిలో పెట్టి, లక్క సీలేసి, కోర్టు సామాన్ల గదిలో పడేశారు. సాక్ష్యం కాబట్టి ఉతకకూడదట. పక్కనే గుమాస్తా కిటికీ. సన్యాసమ్మ వస్తూనే ఉంటుంది.

“ఆ నివేదిక రహస్యం అమ్మా. ఇవ్వకూడదు.”

“నా మొగుడెలా సచ్చినాడో నాకు సెప్పకూడదా? మరెవులికి సెప్తారు బాబూ?”

గుమాస్తా కిటికీ తలుపు వేసేస్తాడు. ఆమె ఏడుపు గోడవతల వినబడుతుంది. తుడవడం తప్ప మరో విద్య రానిదాన్ని నేను, నాకేమో సీలేశారు.