నడుముకట్టు

డాక్టరమ్మకు చెవుడేమో అనుకున్నాను. కింద మాంసం ముద్దలాంటిది చేతికి తగులుతోందమ్మా అని నేను మొత్తుకుంటుంటే, ఆవిడ నా పెళ్లి ఏ వయసులో అయిందని అడుగుతుంది! కాన్పులెన్ని, పురుడయ్యాక ఎన్నాళ్లకు పనిలోకి దిగావు, ఏం మోస్తావు. పెళ్లిచూపులకొచ్చానా, వైద్యానికొచ్చానా? ఒళ్లు మండింది.

"దుప్పట్లు మోస్తానండీ. హోటలు దుప్పట్లు, తడివి," అన్నాను.

బల్ల మీద పడుకోబెట్టి, నా నడుముకున్న గుడ్డ చూసి ఆగిపోయింది. "ఇదేంటి?"

ఇదేంటంటుందేమిటి? మా లాండ్రీలో ఆడవాళ్లందరం కట్టుకుంటాం. మిషను నిండా ఉన్న దుప్పట్లను ఒక్క మోపుగా ఎత్తాలి, రెండుసార్లు తిరిగితే సూపర్‌వైజరు నోరు పారేసుకుంటాడు. ఆ బరువుకు లోపలివి జారకుండా చిరిగిన దుప్పటి పేలిక ఊపిరాడనంతగా బిగిస్తాం. నా తొలి కాన్పయ్యాక మా అత్తే కట్టింది. అప్పుడు ఆవిడా అక్కడే పనిచేసేది.

"ఇది దేన్నీ ఆపదమ్మా. పైన బిగిస్తే ఒత్తిడంతా కిందికే పోతుంది," అంది డాక్టరమ్మ. "గర్భసంచి జారింది. అది కిందికి దిగకుండా లోపల రింగు పెడతాను. బరువులు మాత్రం ఎత్తకు."

ఇంటికి నడుస్తుంటే బుర్ర గిర్రున తిరిగింది. కాన్పుల వల్లా? మోపుల వల్లా? చిన్నతనంలో పెళ్లయినందుకా? కట్టు వల్లా? అన్నీ కలిసి అంటుంది ఆవిడ. అన్నీ అంటే నేనెవరిని తిట్టుకోవాలి? పక్క మిషను మీద పనిచేసే వదినకు ఆరుగురు పిల్లలు, గుండ్రాయిలా ఉంది. నాకేమో ఇద్దరే. ఏమీ అర్థం కాలేదు.

అత్త అంతా విని తేల్చేసింది. "మనిషి రాకపోతే వాళ్లు ఇంకొకర్ని పెట్టేసుకుంటారే. రేపట్నుంచి నీ బదులు పిల్లని పంపు."

పిల్లంటే నా కూతురు. పురిటికొచ్చి మా దగ్గరే ఉంది. దాని బిడ్డకింకా మెడ నిలవలేదు. "సరేలే నానమ్మా," అంటూ లేచింది. అత్త పాత దుప్పటి చింపి దాని నడుముకు బిగించసాగింది. నేను మతిపోయినదానిలా నిలబడ్డాను. డాక్టరమ్మ మాట నిజమా, ఈవిడ మాట నిజమా?

"అత్తా, ఈ కట్టు నీకు ఆపిందా?"

అత్త చేతులు ఆగాయి. "ఎక్కడాపింది? నాకెప్పుడో జారిపోయింది. ఇప్పటికీ బిగించుకునే తిరుగుతున్నా."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను, ఎవరికని చెప్పను? నేను వదులుగా కట్టుకోబట్టే జారిందనుకున్నా. అందుకే నీకు గట్టిగా కట్టా. నీకూ జారిందంటున్నావుగా, దీనికి ఇంకాస్త గట్టిగా కడదామని..."

కోపం రావలసింది, ఏడుపొచ్చింది. కూతురి నడుము మీది ముడి విప్పబోతే వేళ్లకు చిక్కలేదు, అంత గట్టిగా వేసింది. కత్తెర తెచ్చాను.

"రేపు పనిలోకి ఎవరెళ్తారే?" అంది అత్త.

"నాకు తెలీదు."

నిజంగానే తెలీదు. కూతురి కట్టు కోసి అత్త వైపు తిరిగాను. ఆవిడ కత్తెర వైపు చూసింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.