మీసాల బాబాయ్

ఏరు మా వీధిలోకి వచ్చిన ఏడు జరిగిందిది. బడిలో నీళ్లు నిలిచాయని పాఠాలు ఫోన్లోనే చెప్పారు. మనవరాలు ఫోనుకి మొహం ఆనించి వినేది. అలా వింటుండగా తోటి పిల్ల ఒకతె తన ఫోన్లో కనబడ్డ దాని మొహాన్ని ఫొటో పట్టింది. పైపెదవి మీది నూగుని నల్లరంగుతో దిద్ది, కొసలు మెలితిప్పి, "మీసాల బాబాయ్" అని పేరు పెట్టి, క్లాసు ఆడపిల్లల గ్రూపులో వదిలింది. ఇంక చూస్కోండి. "బాబాయ్, పెళ్లికూతుర్ని చూడమంటావా" అని ఒకతె. "బ్లేడు పంపనా బాబాయ్" అని ఇంకొకతె.

మా వాడు ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టాడు. "చూడకపోతే సరి," అన్నాడు. నేనూ సరేననుకున్నాను. అక్కడే తప్పు చేశాం. చూసినన్నాళ్లూ ఏమన్నారో తెలిసేది. ఇప్పుడేమంటున్నారో తెలియక పిల్ల గిలగిల్లాడింది. వీధిలో ఎవరు నవ్వినా తలుపు వెనక్కి పోయేది. రేపు బడి తెరుస్తారనగా, వాళ్ల నాన్న బ్లేడు పట్టుకుపోయి స్నానాల గదిలో నూగు గీసుకోబోయి పెదవి కోసుకుంది.

"తల్లివి, నీకు తెలియొద్దూ?" అని మా వాడు కోడలి మీద పడ్డాడు.

పిల్ల పెదవికి కోడలు తడిగుడ్డ అద్దుతూ కూర్చుంది. ఆ పూట తన లోపల ఏం తిరిగిందో తర్వాతెప్పుడో నాకు చెప్పింది.

"కాపరానికొచ్చిన కొత్తలో అత్తయ్య, 'మా ఇంట్లో మీసాలు ముగ్గురికి, మామకి, మొగుడికి, కోడలికి' అంది మామయ్యా. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. ఆనాటి నుంచి మీరెవరూ లేవకముందే పొయ్యి మీద నీళ్లు పడేసి, గడియ వేసుకుని, దారంతో పీక్కుంటూనే ఉన్నాను. జ్వరమొచ్చినా, కుట్టు కంపెనీలో రాత్రిదాకా పనున్నా అది మానలేదు. పిల్ల చూడలేదనుకున్నాను. చూసే ఉంటుంది. అది దాచుకోవాల్సిన సంగతని దానికి అందరికంటే ముందు నేర్పింది నేనే."

ఆ సాయంత్రం మాత్రం కోడలు బీరువా తీసి ఫోన్ పిల్ల చేతిలో పెట్టింది. "ఒక్కదానివే చూడకు. నా పక్కన కూర్చో." ఇద్దరూ చూశారు. ఫొటో రాగానే కోడలు, "ఈ బాబాయెవరో గానీ మీ నాన్న కంటే నయంగా ఉన్నాడే," అంది. పిల్ల నవ్వబోయింది. కోసిన చోట చురుక్కుమని ఏడ్చింది.

"రేప్పొద్దున బడికి నేనూ వస్తా. టీచరమ్మకి చూపిద్దాం. ఆ ఫొటో పెట్టిన పిల్ల నా ఎదురుగానే తీసెయ్యాలి."

"అలాగే వస్తావా అమ్మా, దారంతో తీసుకోకుండా?"

"అలాగే వస్తా."

"మరి నేను?"

"నీ ఇష్టం. భయపడి మాత్రం తీసుకోవద్దు."

"పొద్దున్నే ఇద్దరూ పోతే వంట?" అన్నాడు మా వాడు.

మర్నాడు పొయ్యి నేను వెలిగించాను. అన్నం అడుగంటింది. తల్లీకూతుళ్లు అదే తిని వెళ్లారు. మా వాడొచ్చి గిన్నెలోకి తొంగి చూసి నోరు తెరవబోయాడు. గరిటె వాడి చేతిలో పెట్టాను.