లాంతరు ఏ చేతిలో

కప్పుల మీదా చొక్కాల మీదా బొమ్మలు అచ్చువేసే ఆ కొట్టు యజమానురాలిని వీధంతా అనుమానాలమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత గుండె ఎవరికుంది? కొరియర్ అతను సంతకం పెట్టమంటే అతని కలం ముట్టుకోదు, లోపలికెళ్ళి తన కలం తెచ్చుకుంటుంది. పాలు పొంగితే ఏదో కలిపారంటుంది, పొంగకపోతే తప్పకుండా కలిపారంటుంది. అనుమానం పెనుభూతం అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? ఈవిడ ఆ భూతాన్ని రెండు పూటలా తిండి పెట్టి మరీ పెంచుకుంది.

ఈమధ్య ఆ అనుమానమంతా ఒక్క మనిషి మీదికి మళ్ళింది. ఆ మనిషి మరదలు, అంటే తమ్ముడి భార్య. తమ్ముడు నాలుగేళ్ళ కిందట ఇంకో ఆవిడ కోసం ఇల్లూ వాకిలీ వదిలేసి చక్కా పోయాడు. పోయినవాడు పోగా ఈ పిల్ల మిగిలింది. వాడు పోతే పోయాడు, నువ్వు నా దగ్గరుండు అని ఆ రోజు అనుమానాలమ్మ అనలేదు. అలాంటి మాటలకు ఆవిడకు నోరు తిరగదు. మేడ మీద గది ఖాళీగా ఉంది, కొట్లో బొమ్మలు గీసే మనిషి కావాలి అంది, అంతే. మరదలు పెట్టె పట్టుకుని వచ్చేసింది. అప్పట్నుంచీ మరదలు బొమ్మ గీస్తుంది, వదిన అచ్చు వేస్తుంది. ఇద్దరికీ చుట్టరికం కలిపినవాడే లేడు కదా, రేపు పొద్దున ఆ పిల్ల వెళ్తానంటే ఆపడానికి ఈవిడకు ఏం హక్కుంది? ఆ భయం అనుమానాలమ్మను లోపల తొలిచేస్తోంది. భయమని ఒప్పుకోవడం చేతకాక ఆవిడ అనుమానపడటం మొదలెట్టింది.

అంతా ఫోనుతో మొదలైంది. ఫోను మోగగానే మరదలు చేతిలో పెన్సిలు అక్కడే పడేసి వెనక వసారాలోకి వెళ్ళిపోతోంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని, ఒకరోజు అనుమానాలమ్మ కప్పులు కడిగే వంకతో కిటికీ పక్కన చేరింది. కొళాయి కట్టేసి, వట్టి కప్పును గుడ్డతో రుద్దుతూ చెవి అటు పారేసింది.

"గుమ్మం కాపరికి ఇప్పుడే చెప్పకండి," అంటోంది మరదలు. "డొప్పచెవి ఎటు పోవాలో ఇంకా తేల్చుకోలేదు."

ఎవరా గుమ్మం కాపరి? ఎవరా డొప్పచెవి? మారుపేర్లు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారంటే ఇదేదో చిన్న వ్యవహారం కాదనుకుంది అనుమానాలమ్మ. ఆ రోజు నుంచి మరదలు పంపిన ప్రతి బొమ్మనూ తెరిచి, అన్ని మూలలూ చూశాక గానీ అచ్చుకు వెయ్యడం లేదు.

సరిగ్గా అప్పుడే కప్పుల పని వచ్చింది. 'పొగమంచు సత్రం' అని ఆరు లావుపాటి పుస్తకాల కథ ఒకటుంది. మరదలికి అది ప్రాణం, అట్టలు ఊడిపోయేదాకా చదివింది. అలాంటి పిచ్చివాళ్ళే కొందరు సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ సభకు వచ్చేవాళ్ళకి ఇవ్వడానికి ఆ సత్రం గుమ్మంలో నిలబడే ముసలావిడ బొమ్మతో కప్పులు కావాలని సంఘం పెద్దావిడ అడిగింది. ఎవరో రాసిన కథలో మనిషిని మనం కప్పుకెక్కిస్తే ఊరుకుంటారా అని అనుమానాలమ్మ నిలదీసింది. అభిమానులు ఇలా కొద్దిగా చేసుకోవచ్చని రచయితే చెప్పాడని ఆవిడ చూపించింది. అనుమానాలమ్మ అది రెండుసార్లు చదివి, అయిష్టంగా తల ఊపింది. తను మాత్రం ఆ పుస్తకాల జోలికి ఎన్నడూ పోలేదు. లేని ఊళ్ళో లేని మనుషులకి ఆరు పుస్తకాలా అని ఆవిడ గొణుగుడు.

కప్పు మీద బొమ్మ వెయ్యడంలో ఒక తిరకాసు ఉంది. కాగితం మీద అచ్చువేసి, దాన్ని బోర్లించి కప్పుకు చుట్టి, మిషన్లో కాల్చాలి. బోర్లిస్తాం కాబట్టి కుడి ఎడమవుతుంది. అందుకని బొమ్మను అద్దంలో చూసినట్టు ముందే తిప్పి పెట్టుకోవాలి. తిప్పడం మరదలి పని. మామూలుగా బొమ్మలో నాలుగు అక్షరాలుంటాయి, అవి తిరగబడి ఉన్నాయా లేదా చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఈ ముసలావిడ బొమ్మలో ఒక్క అక్షరం లేదు. అనుమానాలమ్మ తెర మీద బొమ్మను చాలాసేపు చూసింది. దీని ధ్యాస ఈమధ్య ఇక్కడెక్కడుంది, తిప్పి ఉండదులే అనుకుంది. తనే తిప్పి, ఎవరికీ చెప్పకుండా కప్పులన్నీ కాల్చి పంపించేసింది.

పంపాక సంఘం పెద్దావిడ ఫోను చేసింది. పాపం మర్యాదగానే మాట్లాడింది. ఆ కథలో గుమ్మం కాపరి నోటితో ఏదీ చెప్పదట. లాంతరు కుడి చేత్తో ఎత్తితే లోపలికి వచ్చి ఉండమని, ఎడమ చేత్తో ఎత్తితే వచ్చిన దారినే పొమ్మని. ఈ కప్పుల మీద లాంతరు ఎడమ చేతిలో ఉంది. మా సభకు వచ్చినవాళ్ళందర్నీ మీ కప్పులు పొమ్మంటున్నాయండీ, మళ్ళీ వేసివ్వండి అని నవ్వుతూనే చెప్పింది.

సంగతి వినగానే మరదలు చేతిలో పెన్సిలు పక్కన పెట్టేసింది. తిప్పడం మర్చిపోయానేమో వదినా అని గొణిగి, మేడెక్కి వెళ్ళిపోయింది. అనుమానాలమ్మ లెక్క వేరు. తిప్పింది తనే కదా, అచ్చులో తప్పు ఉండే వీల్లేదు. అంటే ఈ పిల్ల గీయడమే ఎడమ చేతిలో గీసిందన్నమాట. ఆరు పుస్తకాలూ కంఠతా వచ్చిన మనిషికి ఏ చెయ్యో తెలియదా? కావాలనే చేసింది, కొట్టు పేరు చెడగొట్టి వేరు కుంపటి పెట్టుకోవడానికే అని తేల్చేసింది.

అసలు ఆ గుమ్మం కాపరి ఎవరో, డొప్పచెవి ఎవరో తేలాలంటే పుస్తకాలు చదవక తప్పదు. మరదలు బజారుకెళ్ళిన సమయం చూసి మేడ మీది గదిలోంచి మొదటి పుస్తకం తెచ్చుకుంది. ఏం పుస్తకమో తెలియకుండా పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసింది. మిషను పక్కన కూర్చుని, ఆధారాలు దొరికితే గీతలు పెట్టడానికి పెన్సిలు చేత పట్టుకుని మరీ మొదలెట్టింది.

గుమ్మం కాపరి రెండో అధ్యాయంలోనే దొరికింది. వచ్చిన ప్రతివాణ్ణీ మూడు ప్రశ్నలడిగే మనిషి. అతిథి వెళ్ళగానే చెంచాలు లెక్కపెట్టుకుంటుంది. లెక్కపెట్టుకుంటే తప్పేముంది అనుకుంది అనుమానాలమ్మ. ఆ అనుకోవడంలోనే చురుక్కుమంది. గుమ్మం కాపరి అంటే ఎవరో కాదు, తనే. ఒళ్ళు మండిపోయింది. వెనక చేరి నన్ను ఆడిపోసుకుంటున్నారా, ఇంకా ఏమేం అన్నారో చూస్తానని పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ మిషను మోత వినిపించుకోలేదు, ఒక కప్పు మాడి గోధుమరంగుకొచ్చింది. అదే అట్ట తొడిగి రెండో పుస్తకం తెచ్చుకున్న రోజుకి పెన్సిలు ఎక్కడ పడేసిందో గుర్తే లేదు. ఆ సత్రం ఎక్కడా లేదని తెలిసి కూడా, దాని పైకప్పు కారుతుంటే ఈవిడకు బెంగ పట్టుకుంది.

ఇంకో రెండు రోజులకి, క్యాలెండరు అట్ట మూడో పుస్తకానికి మారాక, డొప్పచెవి వచ్చింది. అదొక నక్క. సొంత మంద తరిమేస్తే వానలో తడుస్తూ గుమ్మం ముందుకొచ్చింది. ముసలావిడ మూడు ప్రశ్నలూ అడిగింది. నక్క దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ముసలావిడ చాలాసేపు చూసి, లాంతరు కుడి చేతిలోకి మార్చుకుంది. తన గదే దానికిచ్చి, తను వంటింట్లో పడుకుంది. అనుమానాలమ్మ ఏడ్చింది. ఏడ్చి, ఎవరైనా చూశారేమోనని వీధివైపు చూసింది.

తర్వాత గుర్తొచ్చింది. డొప్పచెవి ఎటు పోవాలో ఇంకా తేల్చుకోలేదు. డొప్పచెవి అంటే ఈ పిల్లే, వెళ్ళిపోయే ఆలోచనలోనే ఉంది. తన అనుమానం నిజమే. పుట్టి బుద్ధెరిగాక తన అనుమానం నిజమైనందుకు ఆవిడ బాధపడటం అదే మొదటిసారి.

లేచి, మరదలు గీసే బల్ల దగ్గరకెళ్ళింది. దేనికోసం వెతుకుతోందో తనకే తెలియదు. కాగితాల అడుగున గుమ్మం కాపరి పెన్సిలు బొమ్మ కనబడింది. ఆ ముసలావిడకు తన ముక్కు, తన కళ్ళజోడు, ఎప్పుడూ కొంచెం పైకి లేచి ఉండే తన కనుబొమ్మ. లాంతరు కుడి చేతిలోనే ఉంది. ఆ పిల్ల సరిగ్గానే గీసింది, సరిగ్గానే తిప్పింది. తిప్పినదాన్ని మళ్ళీ తిప్పింది తను.

ఆ రోజు మరదలు బజారు నుంచి రాగానే సంచీ దించనివ్వకుండా చెప్పేసింది. "ఆ బొమ్మ నేను తిప్పాను. నువ్వు తిప్పి ఉండవనుకున్నాను. తప్పు నాది."

మరదలు సంచీ దించి బల్ల మీద పెట్టింది. తర్వాత తలొంచుకుని అసలు సంగతి చెప్పింది. వసారాలో మాట్లాడిన ఫోన్లన్నీ సంఘం పెద్దావిడవే. ఆవిడ వేరే ఊళ్ళో పెద్ద కొట్టు పెడుతోంది, బొమ్మలు గీయడానికి రమ్మంటోంది. ఈ వారంలో జవాబు చెప్పాలి. వెళ్ళాలని లేదు గానీ, నమ్మకం లేని చోట ఉండి మీకు బరువెందుకు అనిపించింది వదినా అంది.

ఉండవే అనాలని అనుమానాలమ్మకు గొంతుదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. "ముందు ఆ కప్పులు మళ్ళీ వెయ్యాలి," అంది. "బొమ్మ పంపు."

మర్నాడు పొద్దున్నే బొమ్మ వచ్చింది. తెరిచి చూడాలని చెయ్యి ఒకటే దురద. ఈసారి చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. చూడకుండానే అచ్చుకిచ్చి, కాగితం కప్పుకు చుట్టి, అంచులకు టేపు అంటించి మిషన్లో పెట్టింది. మిషను మోగింది. చల్లారాక కాగితం ఒలిచింది.

లాంతరు ఎడమ చేతిలో ఉంది.

ఆవిడ కప్పును వెలుగులోకి పట్టి మళ్ళీ చూసింది. నోటితో చెప్పలేక ఈ పిల్ల కప్పు మీద చెప్పేసింది, అంతే కదా అనుకుంది. మరదలు మేడ దిగి రాగానే కప్పు బల్ల మీద పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

"సరే, వెళ్ళు," అంది. "మేడ మీద గది ఎవరికీ ఇవ్వను. అది నీకోసం అలాగే ఉంటుంది."

మరదలు కప్పు తీసుకుని అటూ ఇటూ చూసింది. "ఇదేంటి వదినా, మీరు తిప్పలేదా?"

"నువ్వు తిప్పలేదా?"

"ఎలాగూ మీరు తిప్పుతారు కదా. ఇక మీదట ఆ పని మీకే వదిలేద్దామని అలాగే పంపాను."

అనుమానాలమ్మ కనుబొమ్మ పైకి లేచింది. "ఇక మీదట అంటే?"

"ఇక మీదట అంటే ఇక మీదటే. రానని నిన్ననే ఆవిడకి చెప్పేశాను." మరదలు నవ్వాపుకుంటూ మిషను పక్కన చూసింది. "క్యాలెండరు అట్ట తీసి చూశాను వదినా. నక్క వచ్చిన పేజీ తడిసి ఉబ్బిపోయింది."

"కప్పులు కడుగుతుంటే నీళ్ళు పడ్డాయి," అంది అనుమానాలమ్మ.

తప్పు కప్పును తన కోసం తీసి పక్కన పెట్టుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత మరదల్ని ఎగాదిగా చూసింది.

"నాలుగో పుస్తకం అరలో లేదు," అంది. "ఎక్కడ దాచావు?"